గ్రూపులో నీరుగంటి ఎవరు?

పొద్దున్నే ఐదున్నరకు మొదటి గులాబీ విచ్చుకుంటుంది. రేకు మీద మంచు బొట్టు, కింద 'శుభోదయం'. ఆ వెనకే ఏడుకొండలవాడు, తర్వాత షిర్డీ సాయి, ఒక రెండు సూక్తులు. ఏడింటికల్లా ఆ రోజు పుట్టినరోజు ఎవరిదో తేలిపోతుంది; కేకులు, బెలూన్లు, చప్పట్లు మొదలవుతాయి. ఆ సందడి మధ్యలో కాలనీ సంఘం కార్యదర్శి ఒక ముక్క రాస్తాడు: 'పైపులైను మరమ్మతు. ఈ రోజు, రేపు మంజీరా రాదు. నీళ్లు పట్టి పెట్టుకోండి.' దాని మీద మరో ముప్పై కేకులు పడతాయి. సాయంత్రం అదే గ్రూపులో ఒకావిడ నిలదీస్తుంది: 'నీళ్లు రావని ఒక్కరైనా చెప్పొద్దా?' 'పొద్దున్నే పెట్టానమ్మా, పైకి వెళ్లి చూడండి' అంటాడు కార్యదర్శి. 'పైకంటే ఎంత పైకండీ?' అంటుంది ఆవిడ.

హైదరాబాద్‌లో మంజీరా అయితే విజయవాడలో కృష్ణా నీళ్లు, విశాఖలో కరెంటు కోత. పేరు మారుతుంది, తంతు మారదు. అపార్టుమెంటు గ్రూపు, బడిపిల్లల తల్లిదండ్రుల గ్రూపు, పదో తరగతి బ్యాచ్, ఊరి గ్రూపు, డల్లాస్‌లో తెలుగువాళ్ల గ్రూపు... ఎక్కడైనా వాట్సాప్‌లో పదిమంది చేరితే ఇదే వరస. భారతదేశంలో తన వాడుకదారులు 40 కోట్లని వాట్సాప్ సంస్థే 2019లో చెప్పింది. అప్పట్లో ఒక గ్రూపులో 256 మందికే చోటు. 2022 చివరికి అది 1,024కు పెరిగింది. వెయ్యిమంది ఒకేసారి మాట్లాడే రచ్చబండ ఏ ఊళ్లోనూ ఎప్పుడూ లేదు. అలాంటి చోట కట్టుబాట్లు ఉండాలా వద్దా అని ఎవరూ అడగరు. ఎవరు పెట్టాలి, ఎలాంటివి పెట్టాలి, వాటివల్ల ఎవరికి మేలు అన్నదగ్గరే పేచీ.

నిజానికి మన గ్రూపుల్లో నియమాలకు కొదవలేదు. చాలా గ్రూపుల్లో మొదటి రోజే ఒక పొడుగాటి మెసేజ్ వస్తుంది. రాజకీయాలు వద్దు, మతం వద్దు, ఫార్వర్డులు వద్దు, నెగెటివిటీ వద్దు, అడ్మిన్ మాటే తుది మాట. వీటిలో మొదటి మూడూ వారం తిరక్కుండానే గాలికి పోతాయి. చివరి రెండు మాత్రం నికార్సుగా అమలవుతాయి. లిఫ్టు మరమ్మతుకు వసూలు చేసిన డబ్బు లెక్క చూపించమన్నవాడు 'నెగెటివ్'. రోజూ గులాబీ పెట్టేవాడు 'పాజిటివ్'. కట్టుబాట్లన్నవి రొదను తగ్గించి, అడగాల్సిన ప్రశ్నకు చోటివ్వాలి. మన దగ్గర జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు: రొదకు అడ్డు లేదు, ప్రశ్నకు నోరు లేదు.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. సెల్‌ఫోన్లు రాకముందే కర్నూలు జిల్లా రైతులు దీన్ని ఎదుర్కొన్నారు, చాలాచోట్ల గెలిచారు కూడా.

రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాలో సుమారు 40 ఊళ్లు తిరిగి, కాలవ నీళ్లను రైతులు ఎలా పంచుకుంటున్నారో చూశాడు. 1988లో 'విలేజ్ రిపబ్లిక్స్' పేరుతో పుస్తకం రాశాడు. అందులో ఎక్కువగా కనిపించే ఊరికి ఆయన పెట్టిన మారుపేరు కొత్తపల్లె. అక్కడ చట్టబద్ధమైన పంచాయతీ ఒకటుండేది, దానితో సంబంధం లేకుండా పెద్దమనుషుల సభ ఇంకొకటుండేది. దానికి ఏ జీవోలోనూ చోటు లేదు. అయినా ఊరుమ్మడి నిధి దాని చేతిలోనే ఉండేది. కోతలైన పొలాల్లో గొర్రెల మందలను మేపుకునే హక్కును వేలం వేసి ఆ నిధిలోకి డబ్బు తెచ్చేవారు. ఆ డబ్బుతో చేలకు కాపలాదార్లను పెట్టేవారు. ఎవరి గొడ్డు చేలో పడినా తోలుకుపోయేవారు, సొంతదారు జరిమానా కట్టి విడిపించుకోవాలి. నీళ్లు తక్కువైన రోజుల్లో కాలవ మీద నీరుగంటివాళ్లను దింపేవారు. ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసేది వాళ్లే. తన చేనికి తానే గండి కొట్టుకునే వీలు అప్పుడు ఏ రైతుకూ ఉండదు.

వేడ్ గమనించిన అసలు సంగతి ఇంకొకటుంది. ఈ ఏర్పాట్లు అన్ని ఊళ్లలోనూ లేవు. పక్కపక్క ఊళ్లే, కులాలూ పంటలూ దాదాపు ఒకటే. అయినా ఒక ఊళ్లో పెద్దమనుషుల సభ, నిధి, కాపలా, నీరుగంటి అన్నీ ఉంటాయి. ఇంకో ఊళ్లో ఒక్కటీ ఉండదు. తేడా ఎక్కడని చూస్తే, కాలవ ఎగువన ఉండి పుష్కలంగా నీళ్లు పారే ఊళ్లకు కట్టుబాటు అవసరం పడలేదు. దిగువన, చివరి ఆయకట్టులో, నీళ్లు వస్తాయో రావో తెలియని ఊళ్లే కలిసికట్టుగా కూర్చుని పద్ధతి పెట్టుకున్నాయి. ధర్మం, ఐకమత్యం లాంటి మాటలు వాళ్లను కూర్చోబెట్టలేదు, ఎండిపోతున్న చేను కూర్చోబెట్టింది.

ఉమ్మడి ఆస్తుల మీద జీవితమంతా పనిచేసిన ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో రాసిన పుస్తకంలో ఇలాంటి ఉదాహరణలు ఎన్నో ఉన్నాయి. స్విట్జర్లాండ్ కొండల మీది పచ్చిక బయళ్లు, జపాన్ ఊళ్ల ఉమ్మడి అడవులు, స్పెయిన్‌లో పంటకాలవలు, టర్కీలో చేపలవేట. అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆమె; 2009లో ఇచ్చారు. ఉమ్మడి సొత్తును సర్కారుకో ప్రైవేటుకో అప్పగిస్తే తప్ప అది నాశనమవుతుందన్న వాదాన్ని ఆమె ఒప్పుకోలేదు. ఎక్కువకాలం నిలిచిన ఏర్పాట్లలో కొన్ని పోలికలను ఆమె పట్టుకుంది. హద్దులు తెలిసి ఉండాలి. నియమానికి లోబడేవాళ్లకు దాన్ని మార్చే చేయి కూడా ఉండాలి. కాపలా కాసేవాళ్లు జనానికి జవాబుదారీగా ఉండాలి. మొదటి తప్పుకు చిన్న శిక్ష, మళ్లీ చేస్తే పెద్దది. తగువు వస్తే దగ్గర్లోనే, ఖర్చు లేకుండా తీరే దారి ఉండాలి.

ఇప్పుడు గ్రూపు దగ్గరికి వద్దాం. అక్కడ పారే నీళ్లు మనుషుల చూపు. ఒక మనిషి రోజుకు ఒక గ్రూపు మీద పెట్టగలిగింది మహా అయితే ఐదు నిమిషాలు. ఎగువన కూర్చున్న పదిమంది ఆ ఐదు నిమిషాలనూ తమ మడికే తిప్పుకుంటే, దిగువన ఉన్న అత్యవసర కబురుకు చుక్క కూడా చేరదు. విసిగినవాళ్లు గ్రూపును మ్యూట్ చేస్తారు. మ్యూట్ చేసినవాళ్లు కనిపించరు కనక అందరూ ఉన్నట్టే ఉంటుంది. మూడువందల మంది గ్రూపులో రక్తం కావాలని అడిగితే ముగ్గురే పలకడానికి కారణం మనుషుల్లో దయ తగ్గడం కాదు, కాలవలో నీళ్లు పైనే అయిపోవడం.

ఈ పోలికలో నీరుగంటి స్థానం అడ్మిన్‌ది. తేడా ఏమిటంటే, నీరుగంటిని ఊరు పెట్టుకుంది, కూలి ఊరే ఇచ్చింది, తేడా వస్తే ఊరే మాన్పించింది. అడ్మిన్‌ని ఎవరూ పెట్టుకోలేదు. ఒకానొక మధ్యాహ్నం గ్రూపు మొదలుపెట్టాలన్న ఆలోచన ఆయనకు మొదట వచ్చింది, అంతే. ఆ ఒక్క నొక్కుతో ఎవరిని చేర్చాలి, ఎవరిని తీసేయాలి, ఎవరి మాట చెరిపేయాలి అన్న అధికారమంతా జీవితకాలానికి ఆయనకు దఖలుపడింది. చాలామంది అడ్మిన్లు మంచివాళ్లే, జీతం లేని చాకిరీ చేస్తున్నవాళ్లే. అయినా కంచె చేను మేసే అవకాశాన్ని మంచితనానికి వదిలేయడం ఏ ఊరూ చేయని పని.

కట్టుబాటు లేని గ్రూపు ఎంత దూరం పోగలదో 2018లో రెండు తెలుగు రాష్ట్రాలూ చూశాయి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వీడియోలు ఆ వేసవిలో ఊరూరా ఫోన్లలో తిరిగాయి. కొత్త మనిషి కనిపిస్తే కొట్టడం మొదలైంది. జూలైలో హైదరాబాద్ నుంచి కర్ణాటకలోని బీదర్ జిల్లాకు కారులో వెళ్లిన స్నేహితులు దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అనుమానించిన ఊరివాళ్లు వాళ్ల వీడియో తీసి గ్రూపులో పెట్టారు. కారు ముర్కి ఊరు చేరేసరికి, ఆ వీడియో చూసిన జనం దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు. ఒక యువకుడి ప్రాణం పోయింది. ఆ కేసులో అరెస్టయిన వాళ్లలో గ్రూపు అడ్మిన్ కూడా ఉన్నాడు. కబురు కారు కంటే ముందు చేరింది. అది నిజమా అని అడిగే మనిషి ఆ గ్రూపులో లేకపోయాడు, లేదా అడిగే అలవాటు లేకపోయింది.

అదే ఏడాది తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో వేరే సంగతి జరిగింది. అప్పటి జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికొక పోలీసును కేటాయించి, వాళ్లను ఇంటింటికీ పంపారు. డప్పు కొట్టించారు, జానపద బాణీల్లో పాటలు కట్టించారు. వచ్చిన వీడియోను ముందుకు పంపేముందు ఊరి పోలీసును అడగండి అన్నదే అన్ని పాటల సారాంశం. ఊరి గ్రూపుల్లో పోలీసులూ సభ్యులయ్యారు. ఫోన్లు లాక్కోలేదు, గ్రూపులు మూయించలేదు. అడిగితే జవాబు చెప్పే మనిషిని, పేరూ ముఖమూ తెలిసిన మనిషిని దగ్గర పెట్టారు. గ్రూపు నియమాల గురించి మాట్లాడేవాళ్లంతా ముందు చూడాల్సిన ఉదాహరణ ఇది.

వాట్సాప్ కూడా ఇలాంటి హత్యల తర్వాతే కదిలింది. 2018 జూలైలో భారతదేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదుగురికి లేదా ఐదు గ్రూపులకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది; మరుసటి జనవరిలో ప్రపంచమంతటికీ వర్తింపజేసింది. కరోనా మొదలయ్యాక 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్కచోటుకే పంపగలిగేలా తగ్గించింది. దాంతో అలాంటి ఫార్వర్డులు 70 శాతం తగ్గాయని ప్రకటించింది. ఏది నిజం, ఏది అబద్ధం అన్న తీర్పు జోలికి ఆ సంస్థ పోలేదు. తూముకు ఒక తలుపు బిగించింది, అంతే. ఇంకొకసారి వేలు నొక్కాల్సి వస్తేనే అంతమంది మానుకున్నారంటే, సగం రొద కోరి చేసింది కాదని తెలుస్తూనే ఉంది. గ్రూపు సభ్యులు కూర్చుని పెట్టుకునే చిన్న కట్టడికీ ఆ బలం ఉంటుంది.

ఇక చట్టం మాట. గ్రూపులో ఎవరో ఏదో పెడితే అడ్మిన్ జైలుకు పోతాడన్న భయం ఊరూరా ఉంది. దానికి కారణం లేకపోలేదు. 2016లో కశ్మీర్‌లోని కుప్వారాలో వార్తల గ్రూపులు నమోదు చేసుకోవాలన్నారు. 2017లో వారణాసి అధికారులు తప్పుడు మెసేజ్‌లకు అడ్మిన్లే బాధ్యులంటూ ఉత్తర్వు ఇచ్చారు. కోర్టులు మాత్రం వేరే దారిలో నడిచాయి. అడ్మిన్ మీద పరువునష్టం దావా వేయడమంటే, పత్రికలో వచ్చిన రాతకు ఆ కాగితం తయారుచేసిన కంపెనీని పట్టుకోవడం లాంటిదని 2016లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. గ్రూపులో ఒక సభ్యుడు ఒక మహిళను దూషిస్తే అడ్మిన్ అతన్ని తీసేయలేదన్న కేసు మహారాష్ట్రలోని గోందియా నుంచి వచ్చింది. ముందే కూడబలుక్కున్నారని తేలితే తప్ప సభ్యుడి మాటకు అడ్మిన్‌ది నేరం కాదని 2021 మార్చిలో బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం చెప్పింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కేరళ హైకోర్టూ అదే బాట పట్టింది: అడ్మిన్‌కూ సభ్యుడికీ మధ్య ఉన్నది యజమాని, పనివాడి సంబంధం కాదని అంది.

ఈ తీర్పులు న్యాయమైనవే. అయితే వాటికి రెండో ముఖం కూడా ఉంది. గోందియా కేసులో దూషణకు గురైన మహిళ గ్రూపులో న్యాయం దొరక్కే పోలీసుల దాకా వెళ్లింది. చట్టం అడ్మిన్ మెడకు చుట్టుకోదు సరే. మరి ఆమె తరఫున మాట్లాడే బాధ్యత ఎవరిది? చట్టం ఎక్కడ చేతులు కడుక్కుంటుందో అక్కడే ఊరి కట్టుబాటు మొదలవ్వాలి. అడ్మిన్‌కు నేరబాధ్యత లేదు కనక అసలు ఏ బాధ్యతా లేదనుకోవడం మన గ్రూపుల్లో స్థిరపడిపోయిన పొరపాటు.

ఆడవాళ్ల విషయంలో ఇది మరీ కనిపిస్తుంది. అపార్టుమెంటు గ్రూపులో చేరితే ఫోన్ నంబరు అందరికీ తెలుస్తుంది. వాచ్‌మన్ సెలవు గురించి ఒక మాట రాసిన పాపానికి, రాత్రి పదకొండింటికి 'భోంచేశారా' అని మూడో అంతస్తు నుంచి విడిగా మెసేజ్ వస్తుంది. ఆమె ఎవరికి చెప్పాలి? గ్రూపులో పెడితే 'చిన్న విషయాన్ని పెద్దది చేయకండి' అంటారు. ఊరుకుంటే అది అక్కడితో ఆగదు. చివరికి ఆమె గ్రూపులో రాయడం మానేస్తుంది. బడి గ్రూపుల్లో ఇంకో రకం. మార్కుల జాబితా అందరి ముందూ పెడతారు, ఫీజు కట్టని పిల్లల పేర్లు పెడతారు, పిల్లల ఫొటోలు ఎవరినీ అడక్కుండా పెడతారు. గ్రూపు పని కోసం తీసుకున్న నంబరు గ్రూపు పనికే వాడాలి, ఇంకొకరి పిల్లవాడి బొమ్మ, మార్కులు, జబ్బు వివరం వాళ్లను అడగకుండా పెట్టకూడదు అన్న రెండు వాక్యాలు ఎన్ని నియమావళుల్లో ఉన్నాయో వెతికి చూడండి. 'నెగెటివిటీ వద్దు' మాత్రం అన్నింటిలో దొరుకుతుంది.

'రాజకీయాలు వద్దు' అన్నదాన్నీ ఒకసారి విప్పి చూడాలి. ఎన్నికల వేళ పార్టీల వీడియోలు వద్దంటే అర్థముంది. మురుగుకాలవ పూడిక తీయలేదని కార్పొరేటర్‌ని పేరు పెట్టి అడిగితే? కాలనీ పార్కు స్థలంలో ఎవరో షెడ్డు వేస్తున్నారని ఫొటో పెడితే? వంటమనిషినీ, డ్రైవర్‌నీ లిఫ్టు ఎక్కనివ్వని అపార్టుమెంటులో అది తప్పని ఎవరైనా అంటే? ఇవి రాజకీయాలే, ఆ మాటకు ఉన్న మంచి అర్థంలో. వీటిని మూయించి, ఆ పక్కనే ఒక నాయకుడి జన్మదిన ఫ్లెక్సీ ఫొటోను 'శుభాకాంక్షలు' ఖాతాలో వదిలేసే గ్రూపు రాజకీయాలకు దూరంగా ఉన్నట్టు కాదు, ఒక వైపు తీసుకున్నట్టు. విషయాన్ని బట్టి నిషేధం పెడితే ఎప్పుడూ ఇదే జరుగుతుంది. దాని బదులు, ఇది మన కాలనీకి సంబంధించిందా, చెప్పేవాడు దాన్ని స్వయంగా చూశాడా, మనిషిని తిడుతున్నాడా పనిని ప్రశ్నిస్తున్నాడా అని చూడటం మేలు.

స్వయంగా చూడటం, సరిచూడటం అన్నదాని విలువ 2021 ఏప్రిల్, మే నెలల్లో అందరికీ తెలిసొచ్చింది. కరోనా రెండో అలలో ఆక్సిజన్ సిలిండర్ల నంబర్లు, ఆసుపత్రి పడకల జాబితాలు గ్రూపుల్లో వరదలా వచ్చాయి. సగం నంబర్లు పలికేవి కావు. ఊపిరాడని మనిషిని పక్కన పెట్టుకుని ఇరవై నంబర్లు కొట్టి చూసినవాళ్లకు ఆ బాధ తెలుసు. అప్పుడే వలంటీర్లు ఎవరూ చెప్పకుండానే ఒక పద్ధతి పట్టారు: ప్రతి నంబరు పక్కనా ఎప్పుడు ఫోన్ చేసి సరిచూశారో తేదీ, సమయం రాయడం. పని అయిపోయిన నంబరును 'అయిపోయింది' అని కొట్టేయడం. ఒక్క చిన్న గీత ఎన్నో గంటలు మిగిల్చింది. చివరి ఆయకట్టు రైతుల్లాగే, అవసరం ముంచుకొచ్చినప్పుడు మనవాళ్లు కట్టుబాటు ఎంత చక్కగా కట్టగలరో ఆ రోజుల్లో కనిపించింది. అల తగ్గాక అలవాటూ పోయింది.

చెరిపివేత మీద కూడా ఒక తెలుగు ఉదాహరణ చేతికందే దూరంలోనే ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఎవరైనా రాయవచ్చు, ఎవరిదైనా దిద్దవచ్చు. అంత తలుపులు తెరిచిన చోట నిర్వాహకులకు తొలగించే అధికారం లేకపోతే పని జరగదు. అయితే అక్కడ ఎవరు ఏం మార్చారో చరిత్రలో నమోదై ఉంటుంది, తొలగించినవాళ్లు కారణం రాయాలి, ఒప్పుకోనివాళ్లు చర్చా పేజీలో వాదించుకోవచ్చు. విధానాల మీద అందరూ కలిసి మాట్లాడుకునే చోటుకు అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు రచ్చబండ. నిర్వాహకులను ఎన్నుకునేదీ సముదాయమే. వాట్సాప్‌లో అడ్మిన్ ఒక మెసేజ్ తీసేస్తే, తీసేశాడన్న ఒక వరస మాత్రం మిగులుతుంది. ఎందుకో ఉండదు. ఆ 'ఎందుకు'ను రెండు ముక్కల్లో గ్రూపులోనే రాయాలన్న నియమం పెడితే ఖర్చేమీ కాదు. తగువుల్లో సగం అక్కడే ఆగుతాయి, ఎందుకంటే తీసేసినందుకు కంటే చెప్పకుండా తీసేసినందుకే మనుషులు ఎక్కువ మండిపడతారు.

ఇంతా చెప్పాక గులాబీ పువ్వు పక్షాన కూడా ఒక మాట అనాలి. శుభోదయాల మీద జోకులు చాలానే ఉన్నాయి. ఈ బొమ్మలతో భారతీయుల ఫోన్లు నిండిపోతున్నాయని గుర్తించి, వాటిని ఏరి తీసేసే సదుపాయాన్ని గూగుల్ తన ఫైల్స్ యాప్‌లో చేర్చిందంటే రొద ఏ స్థాయిలో ఉందో తెలుస్తుంది. కానీ పిల్లలు అమెరికాలో ఉండి, ఇంట్లో ఒంటరిగా ఉన్న డెబ్బై ఐదేళ్ల పెద్దావిడకు పొద్దున్నే పువ్వు పెట్టడమంటే హాజరు వేయించుకోవడం. ఒకరోజు పువ్వు రాకపోతే పక్కింటివాళ్లు తలుపు తడతారు. ఆ పువ్వును నిషేధించే నియమం కఠినమైనదే కాదు, తెలివితక్కువది కూడా. ఆమెకు ఇంకో అరుగు చూపించాలి. నీళ్లు, కరెంటు, లెక్కలు, అత్యవసరాలకు ఒక గ్రూపు. కబుర్లకు, కేకులకు, పువ్వులకు ఇంకొకటి, చావడి లాంటిది. ప్రకటనలకు వేరే చోటు పెట్టుకునే ఏర్పాటు వాట్సాప్ కమ్యూనిటీల్లో 2022 నుంచే ఉంది. అడ్మిన్లు మాత్రమే రాసే వీలు 2018 నుంచి ఉంది. పనిముట్లు లేక కాదు, కూర్చుని ఏది ఎక్కడో తేల్చుకోక ఈ చిక్కు.

ప్రకటనల గ్రూపులో అడ్మిన్లే రాస్తే మళ్లీ కమిటీ మాట ఒక్కటే వినిపించదా అనవచ్చు. వినిపిస్తుంది. అందుకే దానికి జోడీగా ఇంకొకటి రాసుకోవాలి: సభ్యుడు అడిగిన లెక్కకు, ఫిర్యాదుకు ఇన్ని రోజుల్లో గ్రూపులోనే జవాబు రావాలి. మెసేజ్ తీసేస్తే కారణం చెప్పాలి. మొదటిసారి విడిగా ఒక మాట, రెండోసారి గ్రూపులో హెచ్చరిక, మూడోసారి వారం రోజులు బయట. శాశ్వతంగా తీసేయాలంటే అది ఒక్క అడ్మిన్ చేతిలో ఉండకూడదు, కమిటీలో కనీసం ముగ్గురు ఒప్పుకోవాలి. అడ్మిన్ ఆరునెలలకోసారి మారాలి. వేధింపు ఫిర్యాదు తీసుకునేందుకు ఒక మహిళ పేరు ముందే ప్రకటించి ఉండాలి. మొత్తం కలిపి పది వాక్యాలు దాటకూడదు, ఫోను తెర మీద ఒక్కచూపులో ఇమడాలి, తెలుగులో ఉండాలి. తొమ్మిదో తరగతి చదివిన వాచ్‌మన్ చదివినా, తొంభై ఏళ్ల తాతగారు చదివినా ఒకేలా అర్థం కావాలి.

ఇవన్నీ అడ్మిన్ ఒక రాత్రి కూర్చుని రాసి పంపితే మళ్లీ మొదటికే వస్తుంది. చాలా కాలనీ సంఘాలు, అపార్టుమెంటు సంఘాలు సొసైటీలుగా నమోదైనవే. వాటికి ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం ఉంటుంది, మినిట్స్ పుస్తకం ఉంటుంది. లిఫ్టుకు తీర్మానం ఉంది, పార్కింగ్‌కు ఉంది, వినాయకుడి చందాకూ ఉంది. రోజుకు వంద మాటలు నడిచే గ్రూపుకు మాత్రం ఏ పుస్తకంలోనూ ఒక్క వరస లేదు. వచ్చే సమావేశం ఎజెండాలో దాన్నొక అంశంగా చేర్చి, పది వాక్యాలూ అందరి ముందూ చదివి, చేతులెత్తించి, అభ్యంతరాలతో సహా రాసుకుంటే ఒక గంట పని.

ఆ సమావేశం నోటీసు ఎలాగూ గ్రూపులోనే పెడతారు. ఈ ఒక్కసారికి మాత్రం లిఫ్టు పక్కన గోడకు ఒక కాగితం కూడా అంటిస్తే మంచిది. దాని మీద కేకులు పడవు.